కూబర్ పీడీ ప్రయాణము

ఆస్ట్రేలియా దేశము వైశాల్యమున భారతదేశమునకు రెండు రెట్లకు మించినది. అయినను అచటి ప్రజలలో అత్యధికులు సముద్రతీరమునందలి కొలది నగరములలోనే నివసింతురు. తీరమును విడిచి దేశమధ్యమునకు పోవుకొలది పంటపొలములు తరిగిపోవును. పిదప పచ్చిక తరిగిపోవును. తుదకు ఎఱ్ఱని మన్ను, రాళ్లు, మోకాలెత్తు పొదలు మాత్రమే మిగులును. అట్టి ఎడారి నడుమ కూబర్ పీడీ అను చిన్న పట్టణము కలదు. అది రంగురంగుల కాంతుల నీను ఓపలు అను రత్నమునకు ప్రసిద్ధి చెందినది. అచటి ప్రజలలో సగముమందియైనను నేలమీద గాక నేలలోపల ఇండ్లు తొలుచుకొని నివసించుట మరియొక విశేషము. ఈ రెండు వింతలను చూచుటకై ఏటేట అనేక కుటుంబములు కార్లలో అచటికి ప్రయాణము చేయుచుండును.

కూబర్ పీడీ దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రములోనిది. రాష్ట్ర రాజధానియైన అడిలైడు నగరమునకు ఉత్తరముగా 846 కిలోమీటర్ల దూరమున నున్నది. విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు గల దూరముకంటె ఇది కొంచెము ఎక్కువ. అయితే విశాఖనుండి చెన్నపురికి పోవు బాటసారికి రాజమహేంద్రవరము, ఏలూరు, బెజవాడ, ఒంగోలు, నెల్లూరు వరుసగా తగులును. ఎచటనైన ఆగవచ్చును, ఎవరినైన మంచినీళ్లడుగవచ్చును. కూబర్ పీడీ త్రోవలో అట్టి సౌకర్యము సగముదూరమువరకే. అందుచే ఈ ప్రయాణమునకు ముందుగా సన్నాహము చేసికొనుట మిక్కిలి అవసరము.

మొదట ఋతువును చూచుకొనవలెను. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే ఆస్ట్రేలియాలో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు వేసవికాలము. ఆ నెలలలో కూబర్ పీడీ యందు ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఒక్కొక్కప్పుడు 45 డిగ్రీలు సైతము మించును. కావున కుటుంబములు తరచుగ ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు గల చల్లని నెలలలో బయలుదేరును. అప్పుడు పగలు హాయిగా నుండును గాని రాత్రులు చలి గజగజ వణికించును. ఒకే పెట్టెలో నూలుబట్టలును ఉన్నిబట్టలును పెట్టుకొనవలసి వచ్చును.

తరువాత నీరు. కారులో మనిషికి రోజునకు ఎన్నో లీటర్ల చొప్పున మంచినీరు నింపుకొందురు. అదనపు చక్రము, పనిముట్లు, ఆహారము, మందులపెట్టె తప్పక ఉండవలెను. బయలుదేరు దినమును, చేరు దినమును బంధువులకో మిత్రులకో తెలిపి పోవుదురు. రహదారిలో చాలభాగమున చేతిఫోనులు పనిచేయవు. పెద్దలు పిల్లలకు ముందుగానే చెప్పు నియమ మొకటి కలదు. కారు చెడిపోయినచో కారును విడిచి పోరాదు. ఎడారిలో నడచిపోవు మనిషి వెదకువారి కంటికి ఆనడు. కారు దూరమునుండియే కనబడును. పైగా దాని నీడ ప్రాణరక్షకము. సహాయము వచ్చువరకు దానియొద్దనే వేచియుండుట వివేకము. ఈ నియమమును మీరి నీటికై నడచిపోయి, మార్గమధ్యమున దాహముచే ప్రాణములు విడిచినవారు ఆ దేశమున కలరు.

అడిలైడునుండి 300 కిలోమీటర్ల పైచిలుకు పోయిన పిదప పోర్టు అగస్టా అను రేవుపట్టణము వచ్చును. స్టూవర్టు రహదారి ఇచటనే ఆరంభమగును. ఈ రహదారి ఉత్తరతీరమునందలి డార్విను నగరము వరకు ఖండమును నిలువునా చీల్చుకొని పోవును. 1861-62 సంవత్సరములలో ఖండమును దక్షిణమునుండి ఉత్తరమునకు దాటి తిరిగివచ్చిన జాన్ మెక్డూవల్ స్టూవర్టు అను అన్వేషకుని పేరు దానికి పెట్టిరి. దక్షిణ ఆస్ట్రేలియాలోని భాగమునకు పూర్తిగా తారు వేయుట 1987లో మాత్రమే ముగిసినది. అంతకుముందు వానకురిసినచో బండ్లు బురదలో దిగబడి దినములకొలది నిలిచిపోయెడివి.

పోర్టు అగస్టా దాటిన పిదప దాదాపు 170 కిలోమీటర్లకు పింబా అను మజిలీ తగులును. దానికి చేరువనే వూమెరా కలదు. 1947లో రాకెట్ల పరీక్షకై దానిని నెలకొల్పిరి. మరి 110 కిలోమీటర్లకు పైగా పోయినచో గ్లెండాంబో. ఇచట కారు నడుపువారు తప్పక పెట్రోలు నింపుకొందురు. ఏలయన ఇచటినుండి కూబర్ పీడీ వరకు, సుమారు 250 కిలోమీటర్ల మేర, పెట్రోలు దొరకదు. త్రోవలో తెల్లగా మెరయు ఉప్పుచెరువులు కానవచ్చును. చూచుటకు నీరువలె నుండును గాని, వాన కురిసిన కాలమున దప్ప వానిలో ఉప్పుపేట్లే యుండును.

ఆ రహదారిలో మూడునాలుగు పెట్టెలను వరుసగా తగిలించుకొని పోవు లారీలు గలవు. వానిని రోడ్డురైళ్లు అందురు. కొన్నిటి పొడవు 50 మీటర్లకు మించును. అట్టిదానిని దాటిపోవుటకు ఎదుట చాలదూరము ఖాళీగా నుండవలెను. ప్రొద్దుగ్రుంకిన పిదప కంగారూలు రహదారిపైకి వచ్చును. కావున జాగరూకులు చీకటిపడకమునుపే మజిలీ చేరుదురు. నడుపువాడు రెండు గంటలకొకసారి ఆగి విశ్రాంతి గైకొనును. రహదారిలోనే కొన్ని తావులను వెడల్పుచేసి విమానము దిగుటకు వీలుగా గుర్తులు వేసియుంచిరి. ఆపదలో నున్నవారికి వైద్యమందించు ఎగురువైద్యుల సంస్థ 1928లో ఆరంభమై నేటికిని పనిచేయుచున్నది. వైద్యశాల వందలాది కిలోమీటర్ల దూరమున నున్నచోట వైద్యుడే ఆకాశమార్గమున రోగియొద్దకు వచ్చును.

కూబర్ పీడీ సమీపించినకొలది నేలమీద వేలకొలది తెల్లని, గులాబివన్నె మట్టికుప్పలు కనబడును. దూరమునుండి చూచువారికి అవి పెద్ద పెద్ద చీమలపుట్టలవలె తోచును. ప్రతి కుప్పచెంత నొక గొయ్యి యుండును. ఓపలు వెదకినవారు భూమిని తవ్వి పైకి తెచ్చిన మట్టియే ఆ కుప్పలు. ఈ గోతులలో అనేకము ఒక మనిషి పట్టునంత వెడల్పును, తాటిచెట్టంత లోతును గలవి, మూతలు లేనివి. పరుగెత్తవలదనియు, వెనుకకు నడువవలదనియు హెచ్చరించు పలకలు త్రోవప్రక్కల నుండును. ఛాయాచిత్రము తీయబోయి చూడక ఒకయడుగు వెనుకకు వేసినచో చాలును, ప్రాణము పోవును. అందుచే గనుల ప్రాంతమున తలిదండ్రులు పిల్లల చేతులు విడువరు.

ఈ యెడారిలో ఓపలున్నదని మొదట కనుగొనినవాడు పదునాలుగేండ్ల బాలుడు. 1915లో జిమ్ హచిసన్ అను నతడు మరికొందరితో కలిసి బంగారమును వెదకుచు ఒంటెలతో ఈ ప్రాంతమునకు వచ్చెను. అతని కుమారుడు విల్లీ సైతము వెంట నుండెను. బంగారము దొరకలేదు, తెచ్చుకొనిన నీరును తరిగిపోవుచుండెను. నడివేసవి. పెద్దలందరు నీటిజాడ వెదకుటకు పోయి బాలుని విడిదిలో నుండుమనిరి. ఫిబ్రవరి 1వ తేదీన అతడు ఊరకుండజాలక తానును నీటికై బయలుదేరెను. పెద్దలు తిరిగివచ్చునప్పటికి విడిదిలో బాలుడు లేడు. చీకటిపడినది. తండ్రి మనసెట్లుండెనో ఊహింపవచ్చును. కొంతసేపటికి బాలుడు సురక్షితముగా తిరిగివచ్చెను. అతని సంచిలో నీరు గాక, నేలమీద ఏరిన రంగురాళ్లుండెను. అవియే కూబర్ పీడీ ఓపలులు. ఎనిమిది దినముల పిదప ఆ నేలలో మొదటి గనిహద్దు పాతిరి.

ఓపలు అను పేరునకు మూలము మన సంస్కృతమునందలి ‘ఉపల’ శబ్దమే యని భాషాశాస్త్రజ్ఞులు పలువురు తలంతురు. ఉపలమనగా రాయి. వజ్రము బొగ్గుజాతిది. ఓపలు అట్లు గాక ఇసుకజాతిది. ఇసుకలో నుండు సిలికాయే నీటితో కలిసి ఓపలగును. దానిలో సాధారణముగా నూటికి 6 మొదలు 10 వంతుల వరకు నీరు ఇమిడియుండును. నీరు మిక్కిలి కరవైన యెడారిలో, నీటిని తనలో దాచుకొనిన రత్నము దొరకుట చిత్రము.

పదికోట్ల సంవత్సరములకు పూర్వము ఈ ప్రదేశము లోతులేని సముద్రము. ఆ సముద్రపు అడుగున ఇసుకయు, బురదయు పేరుకొని రాతిపొరలైనవి. కాలక్రమమున సముద్రము తొలగిపోయెను. రాతిపొరలు శిథిలమగునప్పుడు వానిలోని సిలికా నీటిలో కరగి, మెల్లగా క్రిందికి దిగి, పగుళ్లలోను, సందులలోను నిలిచెను. నీరు క్రమముగా ఇగిరిపోగా సిలికా గట్టిపడి ఓపలైనది. నత్తగుల్లలు, సముద్రజంతువుల ఎముకలు కరగిపోయిన ఖాళీలలో సైతము అది నిండెను. అందుచే ఇచట ఓపలుగా మారిన గుల్లలు, ఎముకలు దొరకును. 1987లో ప్లీసియోసారు అను ప్రాచీన సముద్రప్రాణి అస్థిపంజరము ఓపలుగా మారి దొరకినది. ‘ఎరిక్’ అని పేరుపెట్టబడిన ఆ అస్థిపంజరము నేడు సిడ్నీనగరపు వస్తుప్రదర్శనశాలలో కలదు. ప్రజలిచ్చిన చందాలతో దానిని కొని దేశమునకు దక్కించిరి.

తెల్లని సిలికాకు ఇన్ని రంగు లెట్లు వచ్చెను? ఈ ప్రశ్నకు చాలకాలము ఉత్తరము దొరకలేదు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఓపలును ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించి రహస్యమును కనుగొనిరి. ఓపలులో సిలికా సన్నని గుండ్లరూపమున నుండును. ఒక్కొక్క గుండు మిల్లీమీటరులో పదివేలవవంతునకు ఒకటిన్నర మొదలు మూడు రెట్లు మాత్రమే. అంగడిలో బత్తాయిలు పేర్చినట్లు అవి వరుసలు తీరి యున్నచో, వాని నడుమనుండి పోవు వెలుగు రంగులుగా విడిపోవును. గుండ్లు చిన్నవైనచో నీలము, పెద్దవైనచో ఎఱుపు సైతము కనబడును. నెమలిపింఛపు రంగులును ఇట్లే అతిసూక్ష్మమైన అమరికవలన కలుగునవే గాని వట్టి అద్దకములు గావు. గుండ్లు క్రమము తప్పి కలగాపులగముగా నున్నచో ఆ రాయికి రంగుండదు, వెలయు నుండదు. దానిని గనివారు ‘పాచ్’ అందురు. రెండింటి పదార్థ మొక్కటే. భేదమంతయు క్రమశిక్షణలో నున్నది.

ఈ గనులలో పెద్ద కంపెనీల పెత్తనము లేదు. అనుమతిపత్రము పొందిన వ్యక్తి చిన్న హద్దు నేలను కొయ్యలు పాతి గుర్తించి, తానో, ఒకరిద్దరు భాగస్వాములతోనో తవ్వుకొనును. పూర్వము పలుగు, పార, చేతిరాట్నము సాధనములు. నేడు రంధ్రములు తొలుచు యంత్రములును, ఏనుగు తొండమువంటి గొట్టముతో మట్టిని పైకి పీల్చు లారీలును వచ్చినవి. సొరంగములో అతినీలలోహిత దీపమును పట్టి ఓపలు మెరయుటను పరీక్షింతురు. నెలలతరబడి తవ్వినను ఏమియు దొరకని వారే అధికులు. ఒక్కొక్కరికి ఒక్కదినములో అదృష్టము పండును. 1956లో మెల్బోర్ను నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగుచుండ, ఇచట ఎనిమిదిమైళ్ల గనిలో మూడున్నర కిలోలకు కొంచెము తక్కువ తూగు ఓపలు దొరకినది. దానికి ‘ఒలింపిక్ ఆస్ట్రాలిస్’ అని పేరుపెట్టిరి. ప్రయాణికుల పిల్లలకును అవకాశము లేకపోలేదు. ప్రజలకై విడిచిన మట్టికుప్పలలో ఎవరైనను చేతితో గాలించి, పడియున్న రాళ్లు ఏరుకొనవచ్చును. పిల్లలు గంటలతరబడి కూర్చుండి వెదకి, ఒక చిన్న పాచ్ ముక్క దొరకినను పొంగిపోవుదురు.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప పలువురు సైనికులు ఈ గనులకు వచ్చిరి. యుద్ధరంగమున కందకములలో కాలము గడపినవారికి భూమిని తొలిచి నివసించుట క్రొత్తగాదు. కలప దొరకని ఆ ప్రదేశమున ఇల్లు కట్టుటకంటె గుట్టను తొలుచుటయే సులభమనియు, చల్లననియు వారు గ్రహించిరి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఐరోపాలోని నానాదేశములనుండి వలసవచ్చిన వారును ఆ మార్గమునే అనుసరించిరి. పగటియెండ నేలపైని ఎంత తీవ్రమైనను రాయి ఉష్ణమును వేగముగా లోనికి పోనీయదు. కొన్ని మీటర్ల లోతున పగలు రాత్రి భేదముగాని, వేసవి చలికాలముల భేదముగాని అంతగా తెలియదు. మన పల్లెలలో బావినీరు చలికాలమున గోరువెచ్చగను వేసవిలో చల్లగను తోచుటకు కారణమిదియే. నీరు మారలేదు, బయటి గాలి మారినది. కూబర్ పీడీ గృహములలో సంవత్సరము పొడుగునను 23 మొదలు 25 డిగ్రీల వేడిమి యుండును. శీతలయంత్రములతో పనిలేదు.

అచటి రాయి తొలుచుటకు మెత్తనిది, నిలుచుటకు గట్టిది. సాధారణముగా ఆధారస్తంభములు అక్కరలేదు. గుట్టప్రక్కన ద్వారము పెట్టి, లోపల గదులు తొలిచి, గాలికై పైకి గొట్టములు విడుతురు. పడకగదికి కిటికీలుండవు, దీపమార్పినచో కటికచీకటి. క్రైస్తవ దేవాలయములు, పుస్తకముల అంగడులు, బసలు సైతము నేలలోపల గలవు. 1960వ దశకమున ముగ్గురు స్త్రీలు పలుగులు, పారలు పట్టి తొలిచిన ఇల్లొకటి నేటికిని చూపరుల నాకర్షించుచున్నది. ప్రయాణపు కుటుంబములు అట్టి బసలో ఒకరాత్రియైనను గడపగోరును. చెవులకు ఏ సవ్వడియు సోకని ఆ నిశ్శబ్దమునందు పిల్లలు తెల్లవారిన సంగతి యెఱుగక నిద్రింతురు.

ఊరి పేరును గూర్చి తెలిసికొనవలెను. ‘కూపా పిటి’ అను ఆదివాసి పదములనుండి ఈ పేరు వచ్చినది. తెల్లవాని గొయ్యి అని దానికి సాధారణముగా చెప్పు అర్థము. 1920లో ఊరికి ఆ పేరు స్థిరపడెను. తెల్లవారు వచ్చుటకు వేలయేండ్ల పూర్వమునుండి ఆదివాసులు ఆ యెడారిలో నీటితావులను, తినదగిన దుంపలను, గింజలను ఎఱిగి బ్రతికిరి. వారి దృష్టిలో రంగురాతికై గోతులు తవ్వుట విడ్డూరమే. అయినను వారును క్రమముగా ఈ పనిలో ప్రవేశించిరి. 1946లో టాటీ బ్రయంటు అను ఆదివాసి స్త్రీ ఎనిమిదిమైళ్ల ప్రాంతమున విలువైన ఓపలు తవ్వితీయగా ఆ వార్త విని ఎందరో అచటికి పరుగెత్తి వచ్చిరి. ఆ భూమిపై అంటకిరింజ మాటు-యాన్కునిట్జట్జర జనులకు గల సంప్రదాయ హక్కును 2011లో న్యాయస్థానము అంగీకరించెను.

రత్నములెన్ని యున్నను నీరు లేక ఊరు నిలువదు. కరవుసీమయని పేరొందిన మన అనంతపురము ప్రాంతమున సైతము ఏడాదికి సగటున 500 మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. కూబర్ పీడీలో సగటు వర్షము 150 మిల్లీమీటర్లకు లోపే. తొలినాళ్లలో దూరమునుండి ఒంటెలపై నీరు తెచ్చి కొలతవేసి పంచెడివారు. నేడు ఊరికి ఉత్తరముగా 24 కిలోమీటర్ల దూరమున గల లోతైన గొట్టపుబావినుండి నీటిని తోడుచున్నారు. ఖండపు అడుగున విస్తరించిన మహాజలాశయపు నీరది, కాని ఉప్పన. కావున దానిని ఒత్తిడితో సన్నని పొరలగుండ పంపి ఉప్పును వేరుచేసి, గొట్టములద్వారా ఇంటింటికి అందింతురు. అందుచే నీటివెల అధికము. ఒక్క చుక్కయు వృథా చేయరు. విద్యుచ్ఛక్తికై దేశపు తీగలు అంతదూరము రావు. పూర్వము కేవలము డీజిలు యంత్రములే గతి. 2017నుండి గాలిమరలు, సూర్యఫలకములు, విద్యుత్తును నిలువచేయు బ్యాటరీలు వానికి తోడై, అవసరములో పెద్దభాగమును తీర్చుచున్నవి.

ఊరి ఎదుట నేడొక కఠినప్రశ్న నిలిచియున్నది. ఇంధనపు ఖర్చు పెరిగినది. గనిపని నేర్చు యువకులు తగ్గిరి. జనసంఖ్య సుమారు 1,500కు దిగినది. ఓపలు తవ్వువారు తగ్గినకొలది చూడవచ్చు ప్రయాణికులే ఊరికి ఆధారమగుచున్నారు. కావున అచటికి పోవు ప్రతి కుటుంబమును వేడుక చూచుటతోబాటు ఆ యెడారి బడికి, వైద్యశాలకు, నీటిగొట్టమునకు తెలియకయే సాయపడుచున్నది.

తిరుగు ప్రయాణమున పిల్లల జేబులలో రంగులేని పాచ్ ముక్క మాత్రమే యుండవచ్చును. కాని గ్లెండాంబోలో కుళాయి త్రిప్పి నీరు త్రాగునప్పుడు వారు మునుపటివలె దానిని పారబోయరు. అది ఎంతదూరమునుండి వచ్చినదో వారికిప్పుడు తెలియును.